అద్దాలు తుడిచే మందు

ఆ ఆదివారం ప్రహ్లాద్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం కనిపించలేదు. పద్మ ఆదివారమైనా బడికి పోయి పదో తరగతి పిల్లలకు ప్రత్యేకంగా లెక్కలు చెప్పి మధ్యాహ్నానికి వస్తుంది. అత్తగారు కోటేశ్వరమ్మ గుడికి వెళ్తుంది. ఆ సందున తాను అబిడ్స్ పోయి పెట్టె తెచ్చి, ఫ్రిజ్‌లో పాలకూర వెనక దాచేస్తాడు. సాయంత్రం అత్తగారు మలక్‌పేటలోని కొడుకింటికి వెళ్ళిపోతే, నాంపల్లి ఫ్లాటు బాల్కనీలో తామిద్దరే. పెళ్ళై ఇరవై ఏళ్ళు నిండిన రోజు అది.

పెట్టెలో ఉన్నది వైన్. నెల కిందట టీవీలో ఎవరో మొగుడూ పెళ్ళాలు పొడుగు కాళ్ళ గ్లాసులు పట్టుకుని ఎదురెదురుగా కూర్చుంటే, "ఎంత బాగుంది కదండీ" అంది పద్మ. ఏదీ అడగని మనిషి నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాట ప్రహ్లాద్ మనసులో పాతుకుపోయింది. ఒక వైన్ క్లబ్బు ఉందని ఫోన్‌లో చూశాడు. చేరితే నెలనెలా రెండు సీసాలు ఎంచి పెడతారు, కౌంటర్‌కు పోయి తెచ్చుకోవాలి. నచ్చకపోతే మొదటి నెలతో మానుకోవచ్చు. చేరిపోయాడు.

చిక్కల్లా అత్తగారితోనే. ఇరవై ఏళ్ళ కిందట అబిడ్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే కుర్రవాడు వచ్చి పిల్లనిమ్మని అడిగితే, ఆమె కులం గురించి అడగలేదు, ఆస్తి గురించి అడగలేదు. "తాగుతావా బాబూ?" అని మాత్రం అడిగింది. "లేదత్తమ్మా" అన్నాడు ప్రహ్లాద్. అప్పటినుంచి ఆ మాట మీదే ఉన్నాడు. మలక్‌పేటలో నలుగురు చేరినచోటల్లా ఆమె అల్లుడి గురించి చెప్పుకునే మొదటి గొప్ప అదే.

అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనే జనంలోంచి పెట్టెను పసిపిల్లలా గుండెకు హత్తుకుని బయటపడి, ఆటో ఎక్కి ఇల్లు చేరాడు. తలుపు తీసింది కోటేశ్వరమ్మ.

"గుడికి పోలేదా అత్తమ్మా?"

"వెళ్ళొచ్చేశాను. పదకొండింటికి కింద సెల్లారులో అపార్టుమెంటు మీటింగంటగా, నలుగురితో మాట్లాడినట్టు ఉంటుందని తొందరగా వచ్చాను. అదేంటి బాబూ, సీసాల్లా చప్పుడవుతోంది?"

ప్రహ్లాద్‌కు అబద్ధాలాడటం అలవాటు లేదు. దొరికినదాన్ని పట్టుకున్నాడు. "అద్దాలు తుడిచే మందు. దుకాన్లోకి తెచ్చిన."

"ఇంతింత సీసాలా?"

"హోల్‌సేల్‌ల గిట్లనే ఇస్తరు."

అద్దాలు తుడిచే మందును ఫ్రిజ్‌లో పెట్టలేడు కాబట్టి హాల్లో కుర్చీ కింద పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు గ్లాసులే. పొడుగు కాళ్ళ గ్లాసుల కోసం మళ్ళీ బజారుకు పరుగెత్తాడు.

కోటేశ్వరమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. అల్లుడు ఆదివారం కూడా దుకాణం కోసం ఇంత తిప్పలు పడుతుంటే తనకు చేతనైన సాయం చేద్దామనుకుంది. సీసా మీది ఇంగ్లీషు రాత ఆమెకు చదవ రాదు. ఒకదాని మూత తిప్పితే వచ్చేసింది. లోపల నీళ్ళలా తేటగా ఉంది. తన కళ్ళజోడు తీసి, పాత వాయిల్ చీర ముక్క తడిపి తుడిచింది. అద్దాలు తళతళలాడాయి. ఘాటైన వాసన వచ్చింది. మందన్నాక వాసన రాదా అనుకుంది.

సీసానూ గుడ్డనూ పట్టుకుని సెల్లారుకు దిగింది. "మా అల్లుడు కొత్తరకం మందు తెప్పించాడు, రండి" అని మెట్ల దగ్గర నిలబడి, మీటింగుకు వచ్చిన ప్రతివాళ్ళ కళ్ళజోడూ తీయించి, అద్దాలూ ఫ్రేమూ ముక్కు మీద ఆనే బొడిపెలూ వదలకుండా తడిపి తుడిచింది. అసోసియేషన్ అధ్యక్షుడు రామచంద్రమూర్తి మాస్టారి దళసరి అద్దాలకైతే రెండుసార్లు పట్టించింది. సీసా అడుగంటింది.

మీటింగు మొదలైంది. నీళ్ళ ట్యాంకరు సంగతి ఎత్తుకున్న మాస్టారు సగంలో ఆగి ముక్కు ఎగబీల్చారు.

"ఇక్కడ ఎవరో తాగి వచ్చారు."

అందరూ అదే అనుకుంటూ మర్యాదకు ఊరుకున్నారు. ఆ మాటతో ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ వైపు చూశారు. కుర్చీలు మెల్లగా దూరం జరిగాయి. ఆలుమగలు కూడా ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ఆరా తీసిన హెడ్‌మాస్టరు గనుక రామచంద్రమూర్తిగారు లేచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి వంగి వాసన చూశారు. ఎక్కడికి వెళ్ళినా ఆయన కంటే ముందే వాసన అక్కడ ఉంది. చివరికి స్తంభం పక్కన నిలబడ్డ వాచ్‌మన్ బాలరాజు దగ్గరికి వచ్చారు. ట్యాంకరు కోసం తెల్లవార్లూ కాపలా కాసిన బాలరాజు కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"దొరికాడు" అన్నారు మాస్టారు.

"నేను ముట్టలే సార్. పిల్లల మీద ఒట్టు."

"వాసన గుప్పుమంటుంటే ఒట్లేమిటి? రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

బాలరాజు తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. అతని భార్య గేటు దగ్గరినుంచి రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే గ్లాసుల పొట్లంతో ప్రహ్లాద్ లోపలికి వచ్చాడు. అత్తగారి పక్కన ఖాళీ సీసా, అందరి ముక్కుల మీద తళతళలాడే అద్దాలు, మధ్యలో తలొంచుకున్న బాలరాజు. ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. బడి నుంచి అప్పుడే వచ్చిన పద్మ గేటు దగ్గర నిలబడి ఉంది. నోరు మూసుకుంటే తన పరువు మిగులుతుంది. ప్రహ్లాద్ బాలరాజు చేతిలో నలుగుతున్న తువ్వాలు చూశాడు.

"ఆయన తాగలే మాస్టారూ. మీరొకసారి కళ్ళజోడు తీసి వాసన చూడున్రి" అన్నాడు. "గది అద్దాల మందు కాదు, వైన్. నేనే తెచ్చిన. అత్తమ్మకు తెల్వదు, నేనే అబద్ధం చెప్పిన."

అందరూ కళ్ళజోళ్ళు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ప్రహ్లాద్ అత్తగారి వైపు తప్ప అన్ని వైపులా చూశాడు.

"నాకోసం తెచ్చారమ్మా" అంది పద్మ, గబగబా వచ్చి అతని పక్కన నిలబడుతూ. నిజానికి అతను ఎవరికోసం, ఎందుకు తెచ్చాడో ఆమెకు అప్పటికి ఒక్క ముక్కా తెలియదు. మొగుడు ఒక్కడే నిలబడ్డాడని మాత్రం చూసింది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సంసారులు ఉండే చోట ఇలాంటివి..."

"ఆగండి మాస్టారూ" కోటేశ్వరమ్మ లేచింది. "మా అల్లుడు తాగలేదు. బాలరాజూ తాగలేదు. తాగింది మీ కళ్ళజోడు. ముందు అతనికి సారీ చెప్పి, తర్వాత ట్యాంకరు సంగతి చూడండి."

మాస్టారు బాలరాజు భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలాగానే సారీ చెప్పారు.

ఇంట్లోకి వచ్చాక ప్రహ్లాద్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "మాఫ్ చేయ్ అత్తమ్మా."

కోటేశ్వరమ్మ ఖాళీ సీసాను బల్ల మీద పెట్టింది. "ఆ రోజు నేను అడిగింది తాగుతావా అని" అంది. "అబద్ధమాడతావా అని అడగాల్సింది. అడగకపోయినా నష్టం లేదులే, నీకు సరిగ్గా ఆడటం రాదు." పమిటతో అతని నుదుటి చెమట తుడిచింది.

ఆ సాయంత్రం ఆమె మలక్‌పేట వెళ్ళలేదు. పకోడీలు వేసి బాల్కనీలో పెట్టి, వీధిదీపాలు వెలగకముందే నిద్రొస్తోందంటూ గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

క్లబ్బు సంగతి చెప్పుకుంటూ మిగిలిన సీసా తెరిచారు. ప్రహ్లాద్ ఒక గుక్క మింగాడు. పులిసిన చింతపండు నీళ్ళలో ఇనుప మేకు నానేసినట్టుంది. ఉమ్మేద్దామనుకునేసరికి, పద్మ గ్లాసు దీపానికి ఎత్తి చూస్తూ నవ్వుతోంది. పెళ్ళినాటి నవ్వు.

"ఎట్లుంది?"

"చాలా బాగుందండీ. మీకో?"

"మస్తుంది."

ఇద్దరూ గుక్క తర్వాత గుక్క తాగారు. నాంపల్లి స్టేషన్లో రైలేదో కూత వేసింది. హాస్టల్లో ఉన్న కూతురు అక్షిత పుట్టిననాడు దుకాణానికి తాళం వేయడం మరిచి దవాఖానకు పరుగెత్తిన సంగతి ప్రహ్లాద్ చెప్పాడు. ఆ కబురు ఇంటింటా చెప్పుకుని తన తల్లి మురిసిపోయిన సంగతి పద్మ చెప్పింది. ఇంతసేపు ఎదురెదురుగా కూర్చుని ఎన్నాళ్ళైందో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఈ ఒక్క నెలతో ఆ క్లబ్బు మానేద్దామని ఆమె నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అని ప్రహ్లాద్ మాటలు కూర్చుకుంటున్నాడు.

"మీరు అంత ఇష్టంగా తాగుతుంటే చూడముచ్చటేసింది" అంది పద్మ, ఫోన్ అతని చేతిలో పెడుతూ. "మరికొన్ని పకోడీలు తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు మీ ఫోన్ తీసి ఆ క్లబ్బుకు ఏడాదికి కట్టేశాను. ఇది నా కానుక."

ప్రహ్లాద్ ఆమె ముఖంలోకి చూశాడు, ఖాళీ గ్లాసులోకి చూశాడు, ఇంకొంచెం పొయ్యమన్నాడు.