ముందు దరఖాస్తు, తర్వాతే కోడి

కోడి ముందా, గుడ్డు ముందా అన్న చిక్కుముడి విప్పలేక తత్త్వవేత్తలు తరతరాలుగా చేతులెత్తేస్తూ వచ్చారు. గృహపక్షుల నియంత్రణ శాఖ దాన్ని ఒక్క సర్క్యులర్‌తో విప్పేసింది: దరఖాస్తు ముందు.

ఈ సంగతి తెలియక బొత్తాల అత్తయ్య కోడితో మొదలుపెట్టింది. వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకుని, ఊడిన బొత్తాలు కుట్టి కుట్టి ఊరందరికీ అత్తయ్య అయిన మనిషి ఆవిడ. ఇక తొక్కలేమని మోకాళ్ళు మొరాయించడంతో, కోళ్ళు పెంచుకుని బతుకుదామని అక్క దగ్గర్నుంచి ఒక పెట్టనూ కొన్ని గుడ్లనూ తెచ్చుకుంది. మిషన్ కింద గంపలో గుడ్డపీలికలు పరిచి గుడ్లు సర్దిందో లేదో, పెట్ట ఎక్కి కూర్చుని పొదగడం మొదలుపెట్టింది. (అనుమతి లేకుండానే. పెట్టకు చదువు రాదు.)

అనుమతి లేకుండా పొదిగిస్తే నేరమని ఇరుగుపొరుగు భయపెడితే అత్తయ్య శాఖకు పరుగెత్తి దరఖాస్తు పెట్టింది.

"పొదగడానికి ఇంకా అనుమతి రాలేదు కదమ్మా. అందాకా కోడిని లేవమనండి," అన్నాడు గుమాస్తా.

"లేస్తే గుడ్లు చల్లారిపోతాయి బాబూ. లోపల పిల్లలు చచ్చిపోతాయి."

గుమాస్తా దయగలవాడు. కాసేపు ఆలోచించాడు. "సరే, కూర్చోమనండి. పొదగొద్దని మాత్రం చెప్పండి."

అత్తయ్య ఇంటికొచ్చి చెప్పింది. పెట్ట ఒక కన్ను మూసుకుంది.

ఆ వారమే తనిఖీ అధికారి వచ్చాడు. గుడ్లను కళ్ళారా చూడాలి, కోడిని ఎత్తమన్నాడు. అత్తయ్య చేతులు వెనక్కి కట్టుకుంది.

"నేనెత్తితే సాక్ష్యం తారుమారు చేశానంటారేమో సార్. మీరే ఎత్తండి."

మాట నిబంధనలకు లోబడే ఉంది కాబట్టి ఆయన గంపలో చెయ్యి పెట్టాడు. తర్వాత అత్తయ్య గుడ్డపీలికతో కట్టు కట్టిన చేత్తోనే నివేదిక రాసుకున్నాడు: "గుడ్లు ఉన్నట్టు నమ్మకం కుదిరినది. కోడి విచారణకు సహకరించలేదు."

పిల్లలు పుట్టాయి. అత్తయ్య నేల మీద చతికిలబడి, ఒక్కొక్కదాన్నీ ఒళ్ళోకి తీసుకుని, ఎవరూ చూడకుండా కళ్ళు ఒత్తుకుంది. అనుమతి రాకముందే పుట్టినందున శాఖ వాటిని గుడ్లుగానే నమోదు చేసుకుంది. నెలలు గడిచాయి. అందులో ఒక గుడ్డుకు ఎర్రటి జుట్టు మొలిచి, తెల్లవారుజామున కూయడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశారు. అధికారి ఈసారి చేతికి తొడుగులు వేసుకుని వచ్చాడు.

"నమూనాగా పరీక్షకు తీసుకెళ్ళాలమ్మా."

"నా చేత్తో మేపుకున్నాను సార్. మళ్ళీ పంపిస్తారు కదా?"

"పరీక్షేగా అత్తయ్యా."

అత్తయ్య దాని వీపు నిమిరి చేతికిచ్చింది. పది మెతుకులు పొట్లం కట్టి, దారిలో పెట్టమని మరీ చెప్పింది.

వారం తిరక్కుండానే శాఖ నుంచి ఉత్తరం వచ్చింది: "నమూనా లేతగా, ఆరోగ్యంగా ఉన్నదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించినది. సభ్యులు నలుగురైనందున చాలలేదు. తుది నిర్ణయం నిమిత్తం ఇంకొకటి పంపవలెను."