గుమ్మడికాయ మీద టెన్సర్ క్షేత్రం

ఆ ఉదయం ఏలీయా పథకం చాలా చిన్నది. మెదక్ కాలేజీలో తనతోపాటు లెక్కలు చెప్పే ఫేబ, పరిశోధన కోసం పొద్దుటి బస్సులో హైదరాబాద్ వెళ్ళిపోతోంది. ఏళ్ళ తరబడి గొంతులోనే ఉండిపోయిన మాట ఈలోగా చెప్పేయాలి.

తనకు మాటలు రావని తెలుసు. అందుకే బూడిద గుమ్మడికాయ కొన్నాడు. కోలగా ఉన్న ఆ కాయ మీద అడ్డంగా, నిలువుగా నల్లని వంపుగీతలు గీసి, అవి కలిసిన ప్రతిచోటా ఎర్రగా చిన్న కోడిగుడ్డు బొమ్మ వేశాడు. అది టెన్సర్ క్షేత్రం. ఏ బిందువు దగ్గర ఏ దిక్కుకు ఎంత సాగాలో ఆ గుడ్లు చెబుతాయి. వాటి వెంట నడిస్తే ఎంత చిక్కు సమీకరణమైనా రెండుగా విడిపోతుంది, ఒక్కో ముక్కలో ఒక్కటే చలరాశి. విడిపోయాక కూడా రెండింటినీ కట్టి ఉంచేది ఒకే స్థిరాంకం. ఏలీయా చెప్పదలచుకున్నదల్లా అదే.

ఫేబ ఇంటి గేటు దాకా వచ్చాక, లోపల చెప్పుల చప్పుడు వినగానే ధైర్యం జారిపోయింది. కాయను గేటు ముందు పెట్టి సందు మలుపు తిరిగేశాడు.

వచ్చింది ఫేబ కాదు, వాళ్ళమ్మ దానమ్మ.

"ఓ ప్రభువా! పిల్ల ప్రయాణం నాడే ఎవడో మంత్రం పెట్టిపోయిండు!"

పక్కింటి పరమేశ్ ఉరికొచ్చి వంగి చూశాడు. "గిది మా దిష్టికాయ గాదు వదినె. మా దానిమీద గిన్ని గీతలుండయి. ఎవడో మస్తు సదువుకున్న మంత్రగాడే."

అంతే, సందు నిండిపోయింది. ఫేబ కోసం వచ్చిన ఆటో కాయను చూసి వెనక్కి తిరిగింది. కాయను దాటనిదే గేటు దాటలేరు, దాటే మొనగాడు లేడు. బస్సు పోతుందేమోనని ఏలీయా తిరిగొచ్చి గుంపులో కలిశాడు. ఫేబ తండ్రి, పాస్టర్ ప్రభుదాసు కళ్ళు మూసుకున్నాడు.

"ఈ పని చేసినోణ్ణి ఇప్పుడే బయటికి గుంజు తండ్రీ!"

"ఆమెన్" అన్నారందరూ. కంగారులో ఏలీయా అందరికంటే గట్టిగా అన్నాడు.

"జర జరుగుండ్రి" అంటూ ఫేబ వచ్చింది. గొంతుక్కూర్చుని ఒక గీత వెంట వేలు నడిపింది. వేలు ఆగింది.

"ఏలీయా సార్, ఇటు రండ్రి. ఈ కొస కాడ తప్పు గీసిండ్రు. గుడ్డు గాదు, గుండ్రంగ ఉండాలె. ఈడ అన్ని దిక్కులు ఒక్కటే, ఏ దిక్కూ తేలదు."

"మిగతాది?" అన్నాడు ఏలీయా.

"మిగతాది తెలుసు. స్థిరాంకం ఒక్కటే గద." మెల్లగా అంది, "గింత ఆలస్యంగనా చెప్పుడు?"

ప్రభుదాసుకు లెక్క అర్థం కాలేదు గాని మనిషి దొరికాడని అర్థమైంది. ఏలీయా వైపు తిరిగాడు. "ప్రార్థన ఊరికే పోలే. పెట్టె ఎత్తు బిడ్డా, బస్సు పోతది."

ఏలీయా బస్టాండు దాకా పెట్టె మోశాడు. ఫేబ కాయను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా కింద నుంచి అతను, కిటికీలోంచి ఆమె ఒకరినొకరు చూసుకున్నారు.

బస్సులో కాలు పెట్టే చోటు లేదు. కాయ పుణ్యమా అని ఆమె పక్క సీటు మాత్రం హైదరాబాద్ దాకా ఖాళీగానే వెళ్ళింది.