జడకి ఒక మిల్లీగ్రాము

శ్రావణమాసం రెండో సోమవారం నుంచి భ్రమరాంబ గారి భుజాలు రెండూ ప్రభుత్వోద్యోగంలో చేరాయి. ఆ సంగతి ఆవిడకు పొద్దున్న ఐదున్నరకి తెలిసింది. మంచం మీద నుంచి లేవబోతే భుజాలు కదల్లేదు. ఏమైందని అడిగితే కుడిభుజం, "ఆఫీసు పదిన్నరకండి అమ్మగారూ" అని మర్యాదగానే చెప్పింది. ఎడమభుజం ఏమీ మాట్లాడలేదు. అది జూనియరు.

భీమవరంలో వాళ్లుండే వీధిలో ఎవరూ దీనికి వింతపడలేదు. అరవై దాటిన ఒంట్లో ఏదో ఒక భాగానికి ఉద్యోగం రావడం అక్కడ మామూలే. ఎదురింటి పరాంకుశం గారి మోకాళ్లు పదేళ్లుగా ఇరిగేషన్‌లో ఉన్నాయి. వానాకాలం వచ్చిందంటే వాటికి పని ఎక్కువ, ఆయనకి నడక తక్కువ. పక్కింటి సుందరమ్మ గారి ఎడమ చెవి రెవెన్యూలో ఉంది. ఏం చెప్పినా మూడుసార్లు విన్నవించుకోవాలి.

"రెండూ ఒకేసారి చేరాయటగా వదినా! మా చెవికి ఆరేళ్లు పట్టింది" అని సుందరమ్మ గారు పిట్టగోడ మీంచి కాస్త అసూయగానే పలకరించింది.

వారం తిరక్కుండా తుంటి కీళ్లు కూడా అవుట్‌సోర్సింగ్‌లో చేరిపోయాయి. ఇక పదిన్నర దాకా భ్రమరాంబ గారు మంచం మీద, కౌంటరు తెరవని ఆఫీసు ముందు కూర్చున్నట్టు, ఎదురుచూడటమే. కాఫీ, టిఫిను ఎలాగోలా ఆలస్యంగా జరిగిపోతున్నాయి. ఆవిడ బెంగ మాత్రం జడ గురించి. అరవై నాలుగేళ్లు వచ్చినా జుట్టు నడుం దాటుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ తల మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. పెళ్లినాడు పూలజడ కూడా తనే అల్లుకుంది. ఇంట్లో తెల్లారి లేచి తన కోసం చేసుకునే పని అదొక్కటే. ఆరు వారాలుగా ఆ జుట్టు తువ్వాల్లో కుక్కి ఉంది.

భర్త సూర్యప్రకాశరావు గారు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఆవిణ్ణి డాక్టరు వకుళ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించింది, చేతులెత్తమని చూసింది, ఉత్తర్వు రాసిచ్చింది. అందులో జబ్బు పేరు పాలిమయాల్జియా రుమాటికా అని ఉంది.

"పేరు పెద్దదేనండీ. గెజిటెడ్ హోదాయా?" అన్నాడాయన.

"హోదా సంగతి నాకు తెలీదండి. స్టెరాయిడ్ వేస్తే పొద్దున్నే డ్యూటీకొస్తాయి. పదిహేను మిల్లీగ్రాములతో మొదలుపెడదాం. ఆ తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ సరైన మోతాదు పట్టుకోవాలి. మరీ ఎక్కువ రోజులు ఎక్కువ వేస్తే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లవుతాయి. మరీ తక్కువైతే వీళ్లు మళ్లీ పదిన్నరంటారు. సొంతంగా మాత్రం ఆపెయ్యకూడదమ్మా."

"సరైన మోతాదని ఎలా తెలుస్తుంది?"

"పనులన్నీ ఇబ్బంది లేకుండా జరిగే అతి తక్కువ మోతాదండి. అదే సరైనది."

సూర్యప్రకాశరావు గారు "పనులన్నీ" అన్న మాట దగ్గర జేబులోంచి పెన్ను తీశాడు.

మొదటి మాత్ర వేసుకున్న మర్నాడు భుజాలు ఐదున్నరకే హాజరయ్యాయి. భ్రమరాంబ గారు కాఫీ సంగతి మర్చిపోయి అద్దం ముందు కూర్చుని, చేతులు తల వెనక్కి పోనిచ్చి, మూడు పాయలూ బిగించి జడ వేసుకుంది. విప్పి మళ్లీ వేసుకుంది. భుజాలు కిక్కురుమనలేదు. ఆ వేళ కాఫీ ఆరూ నలభైకి వచ్చింది.

ఆయనకి అది నచ్చలేదు. సాయంత్రానికల్లా గళ్ల రిజిస్టరొకటి తయారైంది. తేదీ, మోతాదు, కాఫీ, ముగ్గు, టిఫిను, దేవుడి గిన్నెలు, రిమార్కులు. ప్రతి గడిలోనూ పని పూర్తయిన టైము వేసి, ఎర్రసిరాతో టిక్కు పెట్టేవాడు. నొప్పికి గడి లేదు. నొప్పికి టైము వెయ్యడం కుదరదు కదా అని ఆయన వాదన. డాక్టరమ్మ ఆ రిజిస్టరు చూసి, "ఇంత శ్రద్ధగా రాసే ఇంటివాళ్లని నేనెక్కడా చూళ్లేదండి" అని మనస్ఫూర్తిగా మెచ్చుకుంది.

మోతాదు పన్నెండున్నరకి దిగింది, పదికి దిగింది. భ్రమరాంబ గారి మొహం మాత్రం మందుకి ఉబ్బి పౌర్ణమికి దగ్గర పడింది, రాత్రుళ్లు నిద్ర ఎగిరిపోయింది, షుగరు పొలిమేరలో నిలబడింది. తొమ్మిది దగ్గర కూడా జడ పడింది. ఏడుకి దిగేసరికి కాఫీ ఎనిమిదింటికి వచ్చింది, ముగ్గు గడి ఖాళీ. సూర్యప్రకాశరావు గారు ఆ రోజే ఫోను చేశాడు. మళ్లీ ఎనిమిదికి పెంచారు. మర్నాడు ఆరింటికి కాఫీ. నాలుగు గళ్లలోనూ నాలుగు టిక్కులు.

"దొరికిందే! ఎనిమిది" అన్నాడాయన, పోయిన ఫైలు దొరికినంత సంబరంగా.

ఆ రోజే భ్రమరాంబ గారు అద్దం ముందు కూర్చుంది. చేతులు గుండె దాకా లేచాయి. అక్కడ ఆగాయి.

"ఇంకాస్త లేవవేంరా?" అంది.

"ఎనిమిదికి స్టవ్వు ఎత్తు వరకేనండి మా పరిధి" అంది కుడిభుజం. "ఆ పైన తల వస్తుంది. అది పై అధికారులు చూసుకుంటారు. తొమ్మిదికి ఆర్డరు తెప్పించుకోండి, మాకేం అభ్యంతరం లేదు."

"నిజమేనండి" అంది ఎడమభుజం. సర్వీసులో అది మాట్లాడిన మొదటి మాట.

ఆవిడ అద్దం ముందు నుంచి లేచొచ్చి భర్త పక్కన నిలబడింది. "ఏవండీ, రిజిస్టర్లో జడకి ఒక గడి పెట్టండి."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఆలోచించాడు. కసురుకునే మనిషి కాదు. "అట్ట కుట్టించేశాను కదుటే. మార్చి దాకా గళ్లు గీసేశాను కూడాను. మధ్యలో గడి పెడితే వెనకటి పేజీలన్నీ తప్పయిపోవూ? కావాలంటే డాక్టరమ్మతో నువ్వే చెప్పు. నేను అడ్డంరాను."

నిజంగానే ఆయన అడ్డంరాలేదు. తరవాతి నెల డాక్టరమ్మ రిజిస్టరంతా తిప్పి చూసి, మూసి, పక్కన పెట్టింది. కుర్చీ భ్రమరాంబ గారి వైపు జరుపుకుంది.

"ఇందులో అంతా బాగానే ఉందమ్మా. మీరు చెప్పండి. ఎనిమిది సరిపోతోందా? చాలకపోతే ఒక్క మిల్లీగ్రాము పెంచి కొన్నాళ్లు చూద్దాం. మొహమాటపడకండి. ఎలా ఉంది మీకు?"

భ్రమరాంబ గారు ఈ ప్రశ్న కోసమే నెలరోజులు ఆగింది. చెప్పాల్సింది ఆటోలో రెండుసార్లు మననం చేసుకుంది. తొమ్మిది, తల, జడ. మూడే మాటలు. నోరు తెరిచింది.

అయితే ఒక విషయం అప్పటిదాకా ఎవరూ విచారించలేదు. ఆవిడ నాలుక కూడా ప్రభుత్వోద్యోగే. పెళ్లయిన మర్నాడు, అత్తగారు "కొత్తచోటు, ఎలా ఉందే నీకు?" అని అడిగిన క్షణంలో చేరింది. నలభై మూడేళ్ల సర్వీసు. ఒక్క సెలవు లేదు, ఒక్క ఆలస్యం లేదు, ఏ మాత్రా అక్కర్లేకుండా పనిచేస్తోంది.

"పర్లేదండి" అంది నాలుక.

డాక్టరమ్మ మళ్లీ అడిగింది. "నిజంగానా?"

"ఆయ్, పర్లేదండి."

ఎనిమిదే ఖరారైంది. ఇంటికొచ్చేదారిలో సూర్యప్రకాశరావు గారు ఆవిడకి మల్లెపూలు కొన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పూలు పెట్టుకోవడానికి జడ లేదన్న సంగతి గళ్లలో లేదు, అంతే.

మర్నాడు గిన్నెలు తోమాక ఆవిడ మంచం మీద కూర్చుంది. తువ్వాలు జారిపోయి జుట్టు ముందుకు పడింది. ముందుకు పడిన జుట్టు సరిగ్గా గుండె ఎత్తుకి వస్తుందని ఆవిడ గమనించింది. అది భుజాల పరిధిలోదే. బట్టలు కత్తిరించే కత్తెర సొరుగులో ఉంది. సొరుగు కూడా పరిధిలోదే.

"ఇది చెయ్యొచ్చా?" అని అడిగింది.

"నిరభ్యంతరంగానండి" అంది కుడిభుజం. ఆ ఒక్క పనికీ రెండు భుజాలూ ఎంతో చక్కగా సహకరించాయి.

గోడ మీంచి చూసి సుందరమ్మ గారు, "అయ్యో వదినా! అదేంటి?" అంది. కుడిచెవితో సమాధానం వింది. పర్లేదట.

సూర్యప్రకాశరావు గారు మూడోరోజు గమనించాడు. గోడ గడియారం చూశాడు. ఆ తర్వాత రిజిస్టరు తెరిచి, రిమార్కుల గడిలో తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: "జుట్టు తగ్గినందున కాఫీ ఐదూ యాభైకే అందుతున్నది. మోతాదు ఏడున్నరకి దించి చూడవచ్చు."