పాస్‌పోర్టు సైజు నాన్న

మూడేళ్ళు నిండేదాకా పిల్లల్ని ఊరికే ఆడుకోనిచ్చే తల్లిదండ్రుల మీద కేసు పెట్టాలి. సరదాకి అనడం లేదు. ఇక్కడ గల్ఫులో, గుదైబియాలోని మా ఒక్క గది ఫ్లాట్‌లో ఏడాదిన్నర పాపకు చదువు చెప్పించిన అనుభవంతో అంటున్నాను!

మీరే ఆలోచించండి. మూడేళ్ళు వచ్చేసరికే మెదడు ఎదగడం చాలావరకు అయిపోతుందని నా ఫోన్‌లో కనిపించే ప్రతి నిపుణుడూ చెబుతున్నాడు. ఆ వయసులో నేనేం చేసేవాడినని మా అమ్మను అడిగాను. కోడిపిల్లల వెంట పరిగెత్తి, దొరికినంత మట్టి తిని, పడి నిద్రపోయేవాడినట. అందుకే ఇవాళ సల్మాబాద్‌లో ఒక వర్క్‌షాపు స్టోర్‌లో బోల్టులు వేరు, నట్లు వేరు సర్దుతున్నాను. మట్టి తినే టైములో ఎవరైనా నాకు నాలుగు ఫ్లాష్ కార్డులు చూపించి ఉంటే ఆ వర్క్‌షాపే నాదయ్యేది కాదూ?

మా అక్సాకు ఆ అన్యాయం జరగకూడదని నేనూ, నా భార్య మెర్సీ తీర్మానించుకున్నాం. పాప కడుపులో ఉండగానే క్లాసులు మొదలుపెట్టాం. మెర్సీ పొట్టకు హెడ్‌ఫోన్ ఆనించి రోజూ ఎక్కాలు వినిపించేవాళ్ళం. పదమూడో ఎక్కం దగ్గర లోపలి నుంచి గట్టిగా ఒక తన్ను తన్నింది. అర్థమైందని చెబుతోందని మెర్సీ, ఇక ఆపమంటోందని నేను. ఆ విషయం ఇంకా తేలలేదు.

పుట్టాక పద్ధతులకు కొదవేముంది? పిల్లను బోర్లా పడుకోబెట్టడాన్ని టమ్మీ టైమ్ అంటారు. గిన్నెలో బియ్యం పోసి చెయ్యి పెట్టనిస్తే సెన్సరీ ప్లే. ఆ బియ్యం ముక్కులో పెట్టుకుంటే ఆస్పత్రి. ఇడ్లీ సగం నోట్లో, సగం గోడకు పెట్టడాన్ని స్వయంగా తినడం అంటారు. మంచం తీసేసి నేల మీద పరుపు వేస్తే మాంటిస్సోరీ! ఆ లెక్కన మా పై అంతస్తులో గదికి ఎనిమిది మంది చొప్పున పడుకునే బ్యాచిలర్లంతా ఏళ్ళ తరబడి మాంటిస్సోరీలో ఉన్నారు. పాపం, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

పాపకు స్క్రీన్ చూపించకూడదన్నది మరో ముఖ్యమైన నియమం. ఎందుకు చూపించకూడదో తెలుసుకోవడానికి నేనూ మెర్సీ చెరో ఫోన్ పట్టుకుని గంటల కొద్దీ వీడియోలు చూశాం. ఒకసారి అక్సా వచ్చి నా చొక్కా పట్టుకుని లాగింది. నేను ‘బిడ్డ పిలిస్తే వెంటనే స్పందించడం ఎలా’ అనే వీడియోలో ఉన్నాను. అది పూర్తయ్యాక స్పందిద్దామని చూస్తే నిద్రపోయింది.

ఏం చేసినా ఫ్లాష్ కార్డులను మించింది లేదు. ఏనుగు, పెంగ్విన్, అగ్నిపర్వతం, అన్నీ కార్డుల్లో గుర్తుపడుతుంది మా పాప. ముహర్రక్ ఎయిర్‌పోర్టులో దిగే విమానం నెత్తిమీద నుంచి గోల చేస్తూ పోతున్నా తలెత్తి చూడదు. అదే కార్డులో విమానం చూపిస్తే చేతులు చాపి గంతులేస్తుంది. అసలు విమానంతో మనకేం పని? పరీక్షలో వచ్చేది బొమ్మే కదా!

ఇంత చేస్తున్నా నా కోరిక ఒక్కటి మిగిలిపోయింది. అక్సా నన్ను ఇంతవరకు నాన్నా అని పిలవలేదు. మెర్సీని అమ్మా అంటుంది. కింది ఫ్లాట్‌లో ఉండి పగలంతా పాపను చూసుకునే లోవమ్మ గారిని మామ్మా అంటుంది. నా వంతు రాలేదు.

అదే వస్తుందిలే అని ఆగేవాడినే కానీ, మధ్యలో సమూయేలు తగులుకున్నాడు. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో, సెలవు రోజు శుక్రవారం ఆరాధన అయ్యాక, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలుంటాయి. ఒకప్పుడు జ్వరం తగ్గిందనో, ఆగిపోయిన వీసా వచ్చిందనో చెప్పి కూర్చునేవారు. ఇప్పుడు మైకు దగ్గరకొచ్చి మా బాబు త్రికోణం గుర్తుపట్టాడు, దేవునికి స్తోత్రం అంటున్నారు. సమూయేలు ఏకంగా కొడుకునే ఎత్తుకొచ్చి మైకు ముందు పెట్టాడు. వాడు తండ్రి మీసం పట్టుకుని “డాడీ” అన్నాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, కొంచెం ఆలస్యంగా.

ఆ సాయంత్రమే మెర్సీ దారి కనిపెట్టింది. కుటుంబ సభ్యుల ఫొటోలతో కార్డులు చేస్తే పిల్లలు తొందరగా గుర్తుపడతారట. మరి నా ఫొటో? గల్ఫులో ఉండే మగవాడి ఇంట్లో ఉప్పు నిండుకోవచ్చు గానీ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పాస్‌పోర్టు ఫొటోలు నిండుకోవు. వీసాకి ఒకటి, ఐడీ కార్డుకి ఒకటి, ఎందుకైనా మంచిదని ఇంకో డజను. అందులోంచి ఒకటి పెద్దది చేయించి లామినేషన్ కొట్టించింది. స్టూడియో వాళ్ళు తగిలించిన కోటు, అక్కడే ఇచ్చిన టై, నూనె రాసి అణిచిన జుట్టు. నవ్వకూడదన్నారు కాబట్టి నవ్వలేదు. చెవులు రెండూ కనపడాలన్నారు కాబట్టి కనపడుతున్నాయి.

ఆ కార్డు లోవమ్మ గారికి అప్పగించాం. ఆవిడది తుని దగ్గర పల్లెటూరు. చేతిలో పెట్టిన పని వదిలే మనిషి కాదు. అన్నం ముద్దకు ఒకసారి, స్నానానికి ముందొకసారి, కార్డు పిల్ల మొహం ముందు పెట్టి నాన్న అనడం, పిల్ల అంటే చప్పట్లు కొట్టడం. వారం తిరిగేసరికి ఆవిడే ఫోన్ చేసింది.

“బాబూ, మీ ఫొటో చూసి నాన్నా నాన్నా అంటా ఎన్ని ముద్దులెట్టేసిందో! ఇంక మీరు కనపడితే వదలదండి.”

స్టోర్‌లో నట్ల డబ్బాలో బోల్టులు పోసేశాను. అంత సంతోషం వేసింది.

కనపడడమే కొంచెం కష్టం. తెల్లవారుజామున పాపను నిద్రలోనే ఎత్తుకెళ్ళి లోవమ్మ గారి పరుపు మీద పడుకోబెట్టి కంపెనీ బస్సెక్కుతాను. తిరిగొచ్చి ఎత్తుకొచ్చేటప్పటికి మళ్ళీ నిద్రలోనే ఉంటుంది. మెర్సీ క్లినిక్‌లో నర్సు, ఆమె షిఫ్టులు వేరు. శుక్రవారాల్లోనూ చాలావాటికి ఓవర్‌టైం ఒప్పుకున్నాను. మరి చెక్క బొమ్మలు, కార్డులు, ఆన్‌లైన్ క్లాసులు ఊరికే వస్తాయా? పాపతో కూర్చునే టైం లేదని పద్ధతులు కొన్నాను. అవి కొనడానికి మిగిలిన ఆ కాస్త టైమూ అమ్మేశాను. ఇంతకంటే బాధ్యత గల తండ్రి ఎవరుంటారు?

ఒక గురువారం వర్క్‌షాపులో కరెంటు పోయింది. ఎండ ఉండగానే పంపేశారు. డ్యూటీ కవరాల్ కూడా మార్చుకోకుండా లోవమ్మ గారి తలుపు తట్టాను. అక్సా మెలకువగా ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

“భాయ్,” అంది.

అని ఊరుకోలేదు. మూల నుంచి ఖాళీ నీళ్ళ డబ్బాను రెండు చేతులతో దొర్లించుకుంటూ తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఆ గుమ్మంలోకి నీళ్ళ భాయ్ వస్తాడు, లాండ్రీ భాయ్ వస్తాడు, కోల్డ్‌స్టోర్ అనే కిరాణా కొట్టు భాయ్ వస్తాడు. చెమట కారుతూ గుమ్మంలో నిలబడే మగవాళ్ళంతా ఆ పిల్లకు భాయ్‌లే.

ఇందులో బాధపడడానికి ఏముంది? దీన్ని వర్గీకరణ అంటారు! చూసిన వాటిని జాతుల వారీగా వేరు చేయడం పెద్ద పిల్లలకు గానీ రాదట, మా పాపకు ఏడాదిన్నరకే వచ్చింది. లోవమ్మ గారు మాత్రం మొహం పక్కకు తిప్పుకుని, పిల్లకు మీ బట్టలు కొత్తండి, రేపు కోటేసుకుని రండి అంది. నేను ఖాళీ డబ్బా పట్టుకెళ్ళి నిండుది మార్చి తెచ్చాను.

మర్నాడు శుక్రవారం. ఓవర్‌టైం మానేశాను. సాక్ష్యాల సమయంలో మెర్సీ పాపను ఎత్తుకుని మైకు దగ్గరకు నడిచింది. నేను పక్కనే నిలబడ్డాను. కోటు లేదు, ఇస్త్రీ చొక్కా ఉంది. సమూయేలు మొదటి వరసలో ఉన్నాడు.

“అక్సా, నాన్న ఎక్కడమ్మా?” అని మెర్సీ అడిగింది.

పాప హాలంతా చూసింది. నన్నూ చూసింది, దాటిపోయింది. కిందికి దిగుతానని కాళ్ళు ఝాడించింది. దిగి, బుడిబుడి అడుగులతో మా సంచి దగ్గరకు వెళ్ళి, పాల సీసా పక్కన పడేసి, లోవమ్మ గారు అందులో వేసి ఉంచిన నా కార్డు లాగి పైకెత్తింది. “నాన్న!” అని దాన్ని ముద్దు పెట్టుకుంది.

హాలు మారుమోగిపోయింది. పాస్టరు గారు స్తోత్రం చెప్పారు. సమూయేలు లేచి నా చెయ్యి పట్టుకుని ఊపి, ఎవరి దగ్గర నేర్పించావు బ్రదర్, నంబరివ్వు అన్నాడు. చూశారా పద్ధతి గొప్పతనం! మనిషి పక్కనే ఉన్నా తొణకకుండా సరైన కార్డు తీయగల పిల్లలు మీ ఇళ్ళల్లో ఎంతమంది ఉన్నారు?

నాకు మాత్రం ఏడుపొచ్చింది. అది సంతోషమని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను.

అందరూ టీ తాగుతుంటే పాపను తీసుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్ తీయలేదు. కార్డు దాని చేతిలోనే ఉంది. కాసేపు నన్నే చూసింది. నా మీసం ముట్టుకుంది. తర్వాత నా ఎదురుగా నిలబడి, లోవమ్మ గారు పట్టుకున్నట్టే రెండు చేతులతో కార్డును నా మొహం ముందు పెట్టింది.

“నాన్న,” అంది, నిదానంగా, నాకు అర్థమయ్యేలా.

అని ఆగింది. నేను తిరిగి చెప్పాలని చూస్తోంది.

“నాన్న,” అన్నాను.

అక్సా చప్పట్లు కొట్టింది. ఒక్కసారికే నేర్చుకున్నాను. నాకిప్పుడు ముప్పై ఆరేళ్ళు.