మోకాటి లోతు సముద్రం

ఆండర్సన్‌పేటలో గుండప్ప ఇల్లు ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ప్లాను గుండప్ప ఇల్లు అంటే మాత్రం చెయ్యి పట్టుకొని తీసుకుపోయి వదిలిపెడతారు. తను పనిచేసిన బంగారు గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటినా ఆయన బుర్రలో తవ్వకం ఆగలేదు. ఎలుకల కోసం వేసిన ప్లానులో పక్కింటి కోడి పడింది. వాన నీళ్లు పట్టే ప్లానులో సొంత వంటిల్లు మునిగింది. ప్లాను ముగిశాక ఇంటిని మళ్లీ ఇల్లులాగా చేసే పని భార్య గురువమ్మది.

ఈసారి వేసిన ప్లాను వెనక మాత్రం నవ్వే సంగతి లేదు.

ఒక్కగానొక్క కొడుకు భరత్ మూడేళ్ల కిందట కామెర్లతో పోయాడు. కోడలు ప్రేమకు అప్పటికి ఇరవై ఏడు. గురువమ్మే నలుగురినీ విచారించి, మాలూరు పక్కన లక్కూరులో పట్టుపురుగులు పెంచే సోమశేఖర్‌తో సంబంధం కుదిర్చింది. పోయిన వారం గుళ్లో దండలు మార్చుకున్నారు. ఇంటికి సున్నం కొట్టించుకొని ఆదివారం వచ్చి పిలుచుకుపోతానన్నాడు సోమశేఖర్.

తేలనిది ఒక్కటే. ఏడేళ్ల మనవరాలు నయన తల్లితో పోవాలా, తాత దగ్గర ఉండిపోవాలా?

"పాపనే అడుగుదాం. యాడ ఉంటానంటే ఆడ" అన్నాడు గుండప్ప పెద్దమనిషి గొంతు తెచ్చుకొని. అందరూ సరేనన్నారు. పాప నోట ఏం పలికించాలో ఆయన అప్పటికే ప్లాను వేసి పెట్టుకున్నాడని గురువమ్మకు ఒక్కదానికే తెలుసు.

"మే, పాప ఈడే ఉంటాది. చూస్తా ఉండు" అన్నాడు ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చొని.

"ఏం చేసి ఉంచుతావు? కాలికి తాడు కడతావా?"

"పడవ కడతా."

గురువమ్మ చేతిలో సంగటి తెడ్డు ఆగిపోయింది. "ఈ జిల్లాలో తాగేదానికే నీళ్లు లేవు. పడవ యాడ నడిపిస్తావయ్యా?"

"గని కూలీల లైన్ల వెనక ఫుట్‌బాల్ గ్రౌండులో వాన నీళ్లు నిలిచినాయి కదా. మోకాటి లోతు ఉండాది."

"సముద్రం మోకాటి లోతా?"

"పాప మోకాలు కాదు మే, నా మోకాలు."

నయనకు ఉన్న పిచ్చి ఒక్కటే, ఆ ద్వీపం పిల్ల బొమ్మల సినిమాలు. ఎక్కడో మహాసముద్రం మధ్యలో ఒక దీవి, చుక్కల్ని చూసి పడవ నడిపే ఒక పిల్ల, గాలం వేసి నేలను నీళ్లలోంచి పైకి లాగే ఒక సామి. మూడు భాగాలు వచ్చాయి. మూడూ నయనకు నోటికి వచ్చు. గుండప్ప కూడా మూడింటికీ పక్కనే కూర్చున్నాడు. కాకపోతే ఇరవై నాలుగేళ్లు భూమి కింద చీకట్లో కళ్లు తెరుచుకొని పనిచేసిన మనిషికి, పైకి వచ్చాక ఏ చీకట్లో కూర్చోబెట్టినా నిద్ర వచ్చేస్తుంది. ప్రతి భాగంలోనూ మొదటి పది నిమిషాలు చూశాడు. నేలను గాలంతో లాగే సామి ఆయనకు నచ్చలేదు. మేము వందేళ్లు కిందికి తవ్వి చచ్చినాం, ఈయప్ప ఒక్క గాలంతో పైకి లాగతాడంట, అని గొణిగి గురక పెట్టాడు.

"ఆ సినిమా ఆఖరు దాకా చూసినావా నువ్వు?" అని అడిగింది గురువమ్మ.

"చూసినా. పిల్ల, పడవ, నీళ్లు. ఇంగేముండాది చూసేదానికి?"

ఆమె ఏదో చెప్పబోయి, ఆయన ముఖం చూసి, మళ్లీ సంగటి కెలకసాగింది. కాసేపయ్యాక, "కట్టు. వాకిట్లో పాత ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు పడి ఉండాది. దాన్ని కోసుకో" అంది.

నలభై రెండేళ్ల కాపురంలో ఆయన ప్లానుకు ఆమె సాయం చేయడం అదే మొదటిసారి. గుండప్ప దాన్ని శుభశకునం అనుకున్నాడు.

మరుసటి రోజు ఆటో ఓబలప్ప రంపం తెచ్చాడు. గనిలో గుండప్పతో ఒకే షిఫ్టు చేసినవాడు. ఇద్దరూ కలిసి ట్యాంకును నిలువునా కోశారు. నయన పక్కన నిలబడి మేస్త్రీ పని చేసింది.

"తాతా, పక్కన ఇంకొక దుంగ ఉండాల. రెండు కట్టెలతో దాన్ని పడవకు కట్టాల. లేకుంటే బోర్లా పడతాది."

"స్టెప్నీనా?" అన్నాడు ఓబలప్ప.

"స్టెప్నీ కాదు తాతా. అది నీళ్ల మీదనే ఉంటాది."

"అట్లయితే సైడ్‌కారు" అని తేల్చి, ఓబలప్ప రెండు కొనలూ మూసిన పైపు ఒకటి బిగించాడు.

నాలుగు రోజులు పని జరిగింది. బడి నుంచి రాగానే నయన పుస్తకాల సంచి విసిరేసి ట్యాంకులో వెల్లకిలా పడుకునేది. ద్వీపం పిల్ల అలాగే పడుకుని, అల ఎటు నుంచి తగులుతోందో వీపుతో తెలుసుకుంటుందట.

"నేను కూడా అంతే" అన్నాడు గుండప్ప. "గనిలో దీపం ఆరిపోతే చెంప తడిచేసుకొని నిలబడేవాణ్ణి. ఎటు చల్లగా తగిలితే అటు దారి."

నయన లేచి కూర్చుంది. "అయితే నువ్వు కూడా దారి చూసేవాడివా తాతా?"

కంపెనీ ఇచ్చిన మెడల్ కూడా ఆయనకు అంత బాగా అనిపించలేదు. ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి, నా ప్లాను గెలిచిపోయింది అని ఓబలప్పకు చెప్పాడు. పాప పడవను వదిలి పోదు. పడవ తనను వదిలి పోదు. లెక్క సరిపోయింది.

తెరచాప ఒక్కటే మిగిలింది. గురువమ్మ చీర ఇవ్వనంది. ఆటో టాపు రెక్సిన్ చిరిగిపోయింది. గుండప్ప అటక ఎక్కి వెతికితే మడిచిపెట్టిన ఫ్లెక్సు దొరికింది. భరత్ పోయినప్పుడు స్నేహితులు వీధి మూలలో కట్టిన ఫ్లెక్సు అది. ఒకవైపు నిలువెత్తు ఫోటో, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, పైన కన్నీటి శ్రద్ధాంజలి. రెండోవైపు తెల్లగా, మరక లేకుండా ఉంది.

దాన్ని పట్టుకొని ఆయన అటక మీదనే చాలాసేపు కూర్చున్నాడు.

"ఏమయ్యా, దొరికిందా?" అని కింద నుంచి గురువమ్మ అడిగింది.

"దొరికింది. తెల్లది."

తెల్లవైపు ముందుకు, ఫోటో వెనక్కు పెట్టి కర్రకు బిగించాడు. వెనకవైపు ఎవరు చూస్తారు అనుకున్నాడు. గనిలో పనిచేసిన మనిషి, గాలి అంటే ఒకే సొరంగంలో ఒకే వైపు పోయేది అనుకుంటాడు.

ఆదివారం పదింటికి సోమశేఖర్ సామాను బండి తీసుకొని వచ్చాడు. గుండప్ప ఆయన పేరు ఎప్పుడూ పలకడు, పురుగులాయన అంటాడు. పురుగులాయన ముఖం ఎట్లా ఉంటుందో సరిగ్గా చూడనే లేదు.

"బాగుండారా అప్పా?" అని పలకరించాడు సోమశేఖర్.

ఈ సీమలో బస్సు కండక్టరును కూడా అప్పా అనే పిలుస్తారు. ఆ సంగతి తనకు తానే రెండుసార్లు చెప్పుకున్నాడు గుండప్ప. అయినా మూడేళ్లుగా ఆ వాకిట్లో ఆయన్ను ఎవరూ అలా పిలవలేదు.

"ముందు పాప పడవ చూడండి. ఆ తర్వాత అడుగుదాం" అని అందరినీ గ్రౌండుకు నడిపించాడు.

పడవ నీళ్లలోకి దిగింది. నయన సంగటి తెడ్డు పట్టుకొని కూర్చుంది. గుండప్ప పంచె పైకి కట్టి మోకాటి లోతులో నిలబడి, ఒక్క తోపు తోశాడు. మునగలేదు. పక్కకు ఒరగలేదు. లైన్లలోని జనమంతా చప్పట్లు కొట్టారు. ఓబలప్ప ఈల వేశాడు.

అప్పుడు గని మట్టి పోసిన సైనైడు దిబ్బల వైపు నుంచి గాలి లేచింది. తెరచాప ఒక్కసారి ఉబ్బి, కర్ర చుట్టూ గిర్రున తిరిగింది.

నీళ్ల మీద భరత్ నిలబడ్డాడు. గళ్ల చొక్కా, పక్కకు దువ్విన జుట్టు, ఎవరో జోకు చెబితే నవ్వుతున్నట్టు నవ్వు.

ఈల ఆగిపోయింది. ఒడ్డున ప్రేమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుండప్ప గబగబా నీళ్లలో నడిచి, రెండు చేతులతో ఫ్లెక్సును తిప్పబోయాడు. తిప్పితే గాలి మళ్లీ తిప్పింది. ఆయన తెల్లవైపు లాగుతాడు, గాలి కొడుకును లాగుతుంది. మూడోసారి కాలు జారి ఆ సముద్రంలో కూర్చుండిపోయాడు. ఎవరూ నవ్వలేదు.

సోమశేఖర్ ప్యాంటుతోనే నీళ్లలోకి దిగి వచ్చి, ఆయన్ను రెక్క పట్టి లేపాడు. "ఉండనీ అప్పా. ఆయన మొగం ముందుకే ఉండనీ" అన్నాడు మెల్లగా.

నయన మాత్రం తండ్రి బొమ్మను చూసి బెదరలేదు. "సినిమాలో కూడా అంతే తాతా. ముందు పోయినోళ్ల బొమ్మ తెరచాప మీద ఉంటాది. దారి చూపించేదానికి."

గుండప్ప తడి చేత్తో ముఖం తుడుచుకున్నాడు. అడగవలసింది అప్పుడే అడిగేశాడు. "యాడికి దారి, పాపా?"

"లక్కూరుకి."

"ఈడ ఉండవా? నీకోసమే కదా పడవ కట్టినాను."

నయన ఆశ్చర్యంగా చూసింది. తాతకు ఇంత చిన్న సంగతి తెలియకపోవడం ఆ పిల్లకు అర్థం కాలేదు.

"ఆ పిల్ల ఆఖర్లో దీవి వదిలిపెట్టి పోతాది కదా తాతా. మూడు భాగాల్లోనూ పోతాది. ఒడ్డున ఉండేదానికి పడవ ఎందుకు?"

గుండప్ప ఒడ్డు వైపు చూశాడు. గురువమ్మ ఆయన్ను చూడకుండా ప్రేమ భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

ఇంటికి వచ్చాక పంచె పిండుకుంటూ, "నీకు ముందే తెలుసు" అన్నాడు.

"తెలుసు."

"తెలిసి ట్యాంకు ఎందుకు ఇచ్చినావు?"

"తల్లిని వదిలి ఉండమంటే ఉంటాది ఆ బిడ్డ. నీకోసం ఉంటాది. పగలంతా నవ్వి, దుప్పటి కప్పుకొని ఏడస్తాది. వద్దయ్యా. ఒకరిని పోగొట్టుకొని మనం ఏడస్తా ఉండాం, చాలు." గురువమ్మ కొత్త పంచె ఆయన చేతికిచ్చింది. "నువ్వు పంపియ్యలేవు. అందుకే పడవతో పంపించినా."

లక్కూరు చెరువులో నిలువెత్తు నీళ్లు ఉన్నాయట. పాప పడవను కూడా తీసుకుపోదాం అన్నాడు సోమశేఖర్. సామాను మీద దాన్ని బోర్లించి కట్టాలి. గనిలో దుంగలు కట్టిన చెయ్యి ఉండగా ఇంకొకరు కట్టడం బాగుండదని గుండప్పే తాడు తీసుకున్నాడు.

మూడు ముడులు గట్టిగా వేశాడు. నాలుగోది వేసేటప్పుడు ఆయన బుర్ర మళ్లీ పనిచేసింది. ఆ ముడిని వదులుగా వదిలేశాడు. వీధి మలుపు తిరగకముందే పడవ కదులుతుంది, బండి ఆగుతుంది, పాపను ఇంకొక్కసారి చూడవచ్చు. ప్లాను వేసుకొని, ముఖం కడుక్కోవడానికి లోపలికి పోయాడు.

బండి బయలుదేరింది. ముందు సీట్లో తల్లి ఒడిలోంచి నయన చెయ్యి ఊపింది. గుండప్ప కూడా ఊపాడు. పది గజాలు పోయేసరికి ఆయనకు ఇంకొక సంగతి తట్టింది. పడవ జారితే ముందుకు జారదని ఏముంది? ముందు పాప ఉంది.

అరవై ఆరేళ్ల మనిషి చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. "ఆపండప్పా, ఆపండి, ముడి సరిగా పడలేదు" అని అరుస్తూ మలుపు దాకా పోయి బండి వెనక పట్టుకున్నాడు.

బండి ఆగింది. ఆయన నాలుగో ముడి మీద చెయ్యి వేశాడు. వదులుగా లేదు. దాని మీద ఇంకొక ముడి పడి ఉంది. రాగుల మూటలకు గురువమ్మ వేసే ముడి అది. కత్తితో కోయాలే తప్ప ఎవరి వల్లా ఊడదు.

వెనక్కి తిరిగి చూస్తే, దూరంగా గుమ్మంలో గురువమ్మ చేతులు కట్టుకొని నిలబడి ఉంది.

నయన కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఊడిపోయిందా తాతా?"

"ఊడలేదు, కొంచెం వదులయింది" అన్నాడు గుండప్ప. "ఒక్క నిమిషం ఉండు పాపా, బిగిస్తా ఉండాను."

ఆ ముడిని రెండు చేతులా పట్టుకొని, దానికి చేయవలసిన పని ఏమీ లేకపోయినా, వెనక వచ్చిన బస్సు హారన్ కొట్టేదాకా బిగిస్తూనే నిలబడ్డాడు.