మూడు గీతల పెట్రోల్

భూమ్మీద సంపూర్ణ సమానత్వం ఒక్కచోటే అమల్లో ఉంది. సూరత్ నగరంలో, ఆల్థాన్ కాలువ రోడ్డు పక్కన, 'సుఖయాన్' కిరాయి కార్ల యార్డులో. అక్కడ కారు తీసుకునేవాడు షేటైనా, సాంచాల (మరమగ్గాల) కార్మికుడైనా ఒకటే. ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉండగా తీసుకున్నాడో అంతే ఉండగా తిరిగి ఇవ్వాలి. బొట్టు తగ్గకూడదు. బొట్టు పెరగకూడదు. తగ్గకూడదనడంలో వింతేమీ లేదు, ప్రపంచమంతా అంటుంది. పెరగకూడదని అనగలిగిన మేధావి మాత్రం మన సూరత్‌లోనే పుట్టాడు.

ఈ మేధావితో నాకు పరిచయం కలగడానికి కారణం మా పక్కింటి వినోద్ పెళ్లిచూపులు.

వినోద్ సూరత్‌లో మా తెలుగువాళ్లుండే నవాగామ్‌లోనే పుట్టి పెరిగాడు. రింగ్ రోడ్డు చీరల మార్కెట్‌లో పార్సెల్ కౌంటర్ చూసుకుంటాడు. బుద్ధిమంతుడు, బీడీ కూడా తాగడు. అయినా నాలుగు సంబంధాలు తప్పిపోయాయి. నాలుగో సంబంధం వాళ్లయితే మేమిచ్చిన చాయ్ కూడా పూర్తిగా తాగలేదు. అందుకని ఐదో సంబంధం తెచ్చిన ప్రమీల ముందుజాగ్రత్తగా అమ్మాయివాళ్లతో "పోరనికి సొంత కారున్నది" అని చెప్పేసింది. చెప్పాక వచ్చి వినోద్‌కు చెప్పింది. మాట ముందు పుట్టింది కాబట్టి కారును తరువాత వెతకాల్సి వచ్చింది. (పెళ్లిళ్ల వ్యవస్థలో ఇదే సరైన వరుస.)

నన్నెందుకు తీసుకుపోయారంటే, వెంట ఒక పెద్దమనిషి ఉండాలట. మా గల్లీలో ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను రెండూ కలిగినవాణ్ణి నేనే. "దశరథం మామా, నువ్వు ఊకె కూసుంటె సాలు" అన్నాడు వినోద్. నాకు అంతకన్నా బాగా వచ్చిన పని లేదు.

పొద్దున యార్డులో కారు చేతికిచ్చినప్పుడు మీటరులో ఎనిమిది గీతలకు మూడు వెలుగుతున్నాయి. ఫొటో తీశారు, వినోద్ చేత వేలిముద్ర వేయించారు. సాయంత్రం ఆరింటిలోగా ఇవే మూడు గీతలతో తిరిగి ఇవ్వాలన్నారు. ఇక కిరాయి కారు నంబరు పలక నల్లగా ఉంటుంది, అక్షరాలు పసుప్పచ్చగా ఉంటాయి. చూసిన ఎవడికైనా తెలిసిపోతుంది. దానికి వినోద్ తల్లి గంగవ్వ ముందొకటి, వెనకొకటి బంతిపూల దండలు వేలాడదీసింది. "బండికి పూజ చేసుకున్నమంటె ఎవలు గాదంటరు?" అంది. నిజమే, ఎవరూ కాదనలేదు.

కతర్‌గామ్‌లో అమ్మాయి తండ్రి లక్ష్మీరాజం ఎదురొచ్చి తీసుకుపోయాడు. ఆయనా సాంచాల మనిషే. ఉన్నది ఒకటే గది, అందులో మెరూన్ రంగు సోఫా ఒకటి. అది ఎంత పెద్దదంటే మేం పక్కకు తిరిగి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. వీళ్ల ముందు మనమేం నిలుస్తాం అని నా గుండె కాస్త జారింది.

అమ్మాయి పేరు సుభాషిణి. హీరాల (వజ్రాల) ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేస్తుంది. చాయ్ ఇస్తూ వినోద్ వైపు చూసి నవ్వింది. అంతే, మావాడు సాసర్‌లోకి చాయ్ పోయబోయి ప్యాంటు మీద పోసుకున్నాడు. కాలుతున్నా కదల్లేదు. నాకు వాణ్ణి చూస్తే ముచ్చటేసింది, భయమూ వేసింది. ఇంతగా నచ్చాక ఇది కూడా తప్పిపోతే పిల్లగాడు తట్టుకోలేడు.

సరిగ్గా అప్పుడే వినోద్ తండ్రి వెంకటయ్య కొడుకు చెవిలో గుసగుసలాడాడు. వెంకటయ్య ముప్పై ఏళ్లుగా సాంచాల మధ్య బతుకుతున్నాడు. ఆ మోతలో పక్కవాడికి మాట వినపడాలంటే అరవాలి. కాబట్టి ఆయన గుసగుస కూడా ఒక రకమైన అరుపే.

"బిడ్డా, జల్ది కానియ్యి! కిరాయి బండి ఆరు గంటలకల్ల వాపస్ ఇయ్యాలె గద!"

నేను వెంటనే దగ్గాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ దగ్గలేదు. గంగవ్వ కంగారులో తలుపు వేసింది. లక్ష్మీరాజం మాత్రం అదే చిరునవ్వుతో చాయ్ తాగుతున్నాడు. ఆయనకూ సాంచాల చెముడు ఉండే ఉంటుంది, బతికిపోయాం అనుకున్నాను.

కాసేపటికి ఆయన లేచి, "బండి గల్లీల అడ్డమున్నది, మా బామ్మర్ది జర పక్కకు పెడ్తడు" అని తాళం అడిగి తీసుకున్నాడు. బామ్మర్ది బండిని పక్కకు పెట్టడానికి అరగంట పట్టింది. మేం బయలుదేరుతుంటే లక్ష్మీరాజం తాళం వినోద్ చేతిలో పెట్టాడు.

"ఫుల్ ట్యాంక్ చేయించిన బావా" అన్నాడు వెంకటయ్యతో. "మా ఇంటికొచ్చిన బండి ఖాళీగ పోతె మాకు ఇజ్జతుంటదా? మాట మాత్రం ఆలోచించి చెప్తం."

దారి పొడుగునా మేం పొంగిపోయాం. ఫుల్ ట్యాంక్ చేయించినవాడు పిల్లను ఇవ్వకుండా ఉంటాడా అని గంగవ్వ లెక్క.

మధ్యాహ్నానికే యార్డుకు చేరితే మమ్మల్ని ఇంధన సమతా అధికారి ధన్‌సుఖ్‌భాయ్ ఎదుర్కొన్నారు. (వారు హిందీలో సెలవిచ్చినది తెలుగులో రాస్తున్నాను. గాంభీర్యం కొంత పోయింది, క్షమించాలి.) వారు మీటరు వైపు చూశారు. పొద్దున తీసిన ఫొటో వైపు చూశారు. మళ్లీ మీటరు వైపు చూశారు.

"ఎనిమిది గీతలున్నాయి."

"అవును భాయ్, ఫుల్!" అన్నాడు వినోద్ సంబరంగా.

"తక్కువైతే జరిమానా. ఎక్కువైతే విచారణ" అన్నారు ధన్‌సుఖ్‌భాయ్. "తక్కువ పోసేవాడి ఉద్దేశం మాకు అర్థమవుతుంది. ఎక్కువ పోసేవాడి ఉద్దేశం ఏమిటి?"

పోయిన దీపావళికి ఒక కస్టమర్ ఇలాగే ఎక్కువ పోసి ఇచ్చాడట. తరువాత ఆ పెట్రోల్ నాదే కదా అని ఆ కారు ఎవరు తీసుకున్నా వెనక సీట్లో ఎక్కి కూర్చునేవాడట. అందుకే నియమం పెట్టారు. ఆరింటిలోగా మూడు గీతలకు దించాలి. లేదంటే పెట్రోల్ పోసిన దాత స్వయంగా వచ్చి సంతకం చేయాలి. రెండూ జరగకపోతే విచారణ బృందం కంపెనీ యూనిఫారం వేసుకుని దాత ఇంటికి వెళ్తుంది.

వినోద్ ముఖం పాలిపోయింది. "మామా, వాళ్లింటికి పోతె ఖతం. కారు నాది గాదని తెలుస్తది. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది మామా!"

"ఏడ్వకురా, తగలేద్దాం పెట్రోల్" అన్నాను. పెద్దమనిషిగా అది నా మొదటి సలహా.

పైపు పెట్టి లాగుదామంటే లోపల జాలీ అడ్డం, పైపు దిగలేదు. ఏసీ పూర్తిగా పెట్టి గల్లీ చివర నిలబెట్టాం. చల్లగా ఉందని గల్లీ మొత్తం వచ్చి అందులో కూర్చుంది గాని గీత తగ్గలేదు. అప్పుడు ఎదురింటి లింగవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఊకెనె తగలవెడ్తున్నరా? అయితె నన్ను దర్యా కాడికి తీస్కపోండ్రి. ఈ ఊరొచ్చి ముప్పై ఏండ్లాయె, ఒక్కపారి సూడకపోతి."

డుమస్ బీచికి తీసుకుపోయాం. లింగవ్వ సముద్రాన్ని చూసి "గింతేనా, నల్లగున్నది" అంది గాని చీర కుచ్చిళ్లు తడిసేదాకా వెనక్కి రాలేదు. ఆమెను నీళ్లలోంచి లాగి, ఇంటి దగ్గర దించి, మీటరు చూస్తే ఏడు గీతలు. నిన్నటిదాకా ఏ కారైనా పెట్రోల్ తాగేస్తుందని తిట్టుకునేవాణ్ణి. అవసరమైన రోజున ఈ దరిద్రపు బండి ఉపవాసం పట్టింది!

యార్డు మూసే వేళ దగ్గరపడింది. ఇక మిగిలింది దాత. వినోద్ ఫోన్ తీసి నంబరు నొక్కాడు, నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అవతల ఎత్తింది సుభాషిణి.

"మా బాపుకు ఫోన్ల ఇనబడది అంకుల్, నాకు చెప్పుండ్రి."

"అదే తల్లీ... మీ బాపు పోయించిన పెట్రోల్ గురించి చిన్న... అంటే కారు కొంచెం..."

"కిరాయిది గదా? ఎరుకే."

"ఎట్ల ఎరుక బిడ్డా?"

"వాళ్ల బాపు గుసగుస పెట్టిండు గద అంకుల్. మా బిల్డింగ్ మొత్తం ఇన్నది. అందుకే మా బాపు ట్యాంక్ ఫుల్ చేయించిండు, వాపస్ ఇచ్చేటప్పుడు మీకు ఖర్చు గావద్దని. ఏమైంది, తప్పైందా?"

తప్పేమీ కాలేదని, నేరమైందని, వాళ్ల బాపు వచ్చి సంతకం పెట్టాలని చెప్పాను. ఆమె నవ్వింది. "టెన్షన్ మత్ లో అంకుల్, ఏం గాదు, బాపును తీస్కొని స్కూటీ మీద వస్త. జర లేటైతది, ఒక్క పనున్నది."

వాళ్లు వచ్చేసరికి ధన్‌సుఖ్‌భాయ్ షట్టరు సగం దించేశారు. లక్ష్మీరాజం చెమటలు కక్కుతూ చేతులు జోడించాడు. "మాఫ్ చేయుండ్రి. సోఫా వాపస్ ఇచ్చి వచ్చెటాలకు లేటైంది. పై మంజిలోళ్లది. మరక పడ్డదా అని దిండ్లన్ని తిప్పి తిప్పి చూస్తరు."

వెంకటయ్య నా చెవిలో "సోఫా గూడ వాళ్లది గాదట!" అని గుసగుసలాడాడు. కాలువకు అవతలి వాళ్లు కూడా తిరిగి చూశారు. సుభాషిణి నవ్వింది, వినోద్ నవ్వాడు. ముందు ఎవరు సిగ్గుపడాలో తెలియక ఇద్దరు తండ్రులూ కలిసే నవ్వేశారు.

ధన్‌సుఖ్‌భాయ్ నవ్వలేదు. వారు 'అధిక ఇంధన దాత స్వచ్ఛంద విరమణ పత్రం' తీశారు. ఈ పెట్రోల్ మీద తనకు గాని, తన వారసులకు గాని హక్కు లేదని, భవిష్యత్తులో ఈ కారు వెంట పడబోనని లక్ష్మీరాజం చేత ఒప్పించారు. నా పెన్ను ఆ రోజు మొదటిసారి పనికొచ్చింది. చివరి గడి దగ్గర వారు ఆగారు.

"ఈ అబ్బాయి మీకేమవుతాడు?"

లక్ష్మీరాజం గతుక్కుమన్నాడు. మాట ఆలోచించి చెప్తామన్నవాడు. ఇంటికి పోయి, భార్యతో కూర్చుని, అన్నదమ్ములను అడిగి, తీరిగ్గా తేల్చాల్సిన సంగతి. వినోద్ ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

"జల్దీ చెప్పండి, సిస్టమ్ మూసుకుపోతుంది" అన్నారు ధన్‌సుఖ్‌భాయ్.

లక్ష్మీరాజం కూతురి వైపు చూశాడు. సుభాషిణి వినోద్ ప్యాంటు మీద ఇంకా పోని చాయ్ మరక వైపు చూసింది.

"రాయించు బాపూ" అంది. "ఎన్నిసార్లు వస్తం ఈడికి?"

"అల్లుడు" అన్నాడు లక్ష్మీరాజం. "కాబోయే అల్లుడు అని రాస్కో భాయ్."

గంగవ్వ కారుకున్న బంతిపూల దండలు విప్పి ఇద్దరి చేతుల్లో పెట్టింది. నల్ల నంబరు పలక బయటపడింది గాని ఎవరూ అటు చూడలేదు. నాకు కళ్లు చెమర్చాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నాకు సంతోషమేసింది.

ధన్‌సుఖ్‌భాయ్ మాత్రం పత్రాన్ని అడ్డంగా చించేశారు. "అల్లుడంటే కుటుంబ సభ్యుడు. కుటుంబ సభ్యులు పోస్తే అది కస్టమర్ పోసుకున్నట్టే లెక్క. దాత ఎవరూ లేరు. విచారణ అవసరం లేదు" అని ట్రిప్పు ముగించారు.

"అయితె ఎక్కువున్న పెట్రోల్ మాకు వాపస్ ఇస్తరా?" అని అడిగాడు వినోద్. కొత్తగా వచ్చిన ధైర్యం మరి.

"దాతే లేనప్పుడు ఎవరిదని ఇవ్వాలి?" అన్నారు ధన్‌సుఖ్‌భాయ్, షట్టరు దించుతూ.

మేమందరం షేరింగ్ ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చాం. ఆ రోజు ఆ రెండు ఇళ్లూ ఒకరికొకరు చూపించుకున్న వాటిలో కిరాయిది, అరువుది కాకుండా సొంత డబ్బుతో కొన్నది ఆ పెట్రోల్ ఒక్కటే. దాన్ని కంపెనీ ఉంచుకుంది.