గంటసేపటి చర్చ

మానవజాతి సాధించిన ఘనవిజయాల్లో, గంటసేపు జరగాల్సిన చర్చను మూడేళ్లపాటు అంగుళం కూడా కదలకుండా నడపడం అగ్రగణ్యమైనది. ఆ ఘనత తత్వచర్చా మండలికే దక్కింది. విషయం కూడా చిన్నదే: "మనిషికి స్వేచ్ఛ ఉందా?"

ఆ సభలో గడియారం చూసే ఉద్యోగం టైంకీపర్ గారిది. బల్ల మీద స్టాప్‌వాచ్, పక్కన గంట, వెనక ఆయన. నియమావళిలో నలభయ్యో నియమం: ఏ సభ్యుడైనా ఒక పదానికి అర్థం అడుగుతూ నీలం కార్డు ఎత్తినచో, అర్థం తేలువరకు గడియారం ఆపవలెను. నలభై ఒకటో నియమం: చర్చ మధ్యలో టైంకీపర్ పదవీ విరమణ చేయరాదు. (పక్కపక్కనే ఉన్నా ఈ రెండు నియమాలూ ఏనాడూ పలకరించుకోలేదు.) పాపం, ఆయన రిటైరవ్వాల్సిన రోజునే చర్చ మొదలైంది. ఆయన గడియారం లెక్కలో ఇప్పటికి నలభై నిమిషాలు గడిచాయి.

ఆ సాయంత్రమే భార్యకి స్కూటర్ నేర్పిస్తానని ఆయన మాటిచ్చారు. అందుకోసమే కొన్న బండి ఇంటిముందు దుప్పటి కప్పుకుని ఉండిపోయింది.

మొదటి ఏడాది "మనిషి"కే సరిపోయింది. ఆ మాట ఆలోచించడం అనే ధాతువులోంచి పుట్టిందని ఒక పెద్దాయన తేల్చారు. "అయితే నిద్రపోయేవాడు మనిషి కాడన్నమాట!" అని రెండో వరుస లేచింది. మూడో వరుసవాళ్లు నిద్రలేచి మరీ నిరసన తెలిపారు. దాంతో వ్యుత్పత్తి విచారణాధికారి వచ్చాడు. ప్రతి మాటకీ తల్లి ధాతువు ధ్రువపత్రం మూడు కాపీలు అడిగాడు (ధాతువు స్వయంగా హాజరైతే ఒక్క కాపీ చాలు). రెండో ఏడాది "ఉందా" దగ్గర చర్చ మొరాయించింది.

ఒకసారి టైంకీపర్ గారు ధైర్యం చేశారు.

"అయ్యా, ఇంటికెళ్లాలండీ. మా ఆవిడ ఎదురుచూస్తోంది."

"ఇల్లంటే?" అన్నారు అధ్యక్షులు, ప్రేమగానే. నాలుగు కార్డులు లేచాయి.

మూడో ఏడాది చివర్లో అద్భుతం జరిగింది. స్వేచ్ఛకి నిర్వచనం కుదిరింది: "లేచి వెళ్లగలిగి కూడా కూర్చుని ఉండడం." ఉదాహరణగా అందరూ టైంకీపర్ గారినే చూపించి చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు చెమర్చాయి (ఆనందబాష్పాలుగా నమోదైంది). గడియారం కదిలింది. ఇంక ఇరవై నిమిషాలే!

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఆయన భార్య వచ్చింది. చంకలో హెల్మెట్ ఉంది.

"మీరొచ్చేలా లేరని నేనే నేర్చేసుకున్నా. మోకాళ్లు రెండూ గీరుకుపోయాయనుకోండి, అయినా వచ్చేసింది. పదండి, వెనక కూర్చోండి. ఊరంతా ఓ చుట్టు చుట్టొద్దాం."

ఆయన మనసు ఒక్క ఉదుటున వెనక సీటెక్కేసింది. మనిషి మాత్రం కుర్చీలోనే ఉన్నారు. ముప్పై ఏళ్ల అలవాటాయె!

"ఇంకో ఇరవై నిమిషాలే. ఈసారి నిజంగా అయిపోతుంది. కాస్త ఆగు" అన్నారు బతిమాలుతూ.

ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది. "మీ లెక్కలో ఇరవై నిమిషాలంటే ఎంతసేపండీ?"

మూడేళ్లలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. మరుక్షణం హాలంతా నీలం కార్డులు లేచాయి.

టైంకీపర్ గారు ఆవిడ వంక చూశారు. కార్డుల వంక చూశారు. నియమం ప్రకారం గడియారం ఆపారు.

బయట స్కూటర్ ఒక్క కిక్కుకే స్టార్టయింది.